గుమాస్తా గారి పేరుతో ఆడినవాడు

"ఉద్యోగం అన్నచోట ఏం రాయమంటారండి, మేష్టారూ?" అని అడిగారు మా కొత్త పాస్టరు గారు.

మంగళవారం ఒక సహోదరుడి భూస్థాపన అయింది. శనివారం ఆదరణ కూడిక. మా సంఘంలో ఎవరు ప్రభువునందు నిద్రించినా ఆ కూడికలో వారి జీవిత సంగ్రహం చదువుతారు. ఎక్కడ పుట్టారు, ఎప్పుడు రక్షణ పొందారు, బాప్తిస్మం ఎవరిచ్చారు, ఏ ఉద్యోగం చేశారు, అంతే. సంఘానికి చాలా ఏళ్లుగా కార్యదర్శిని గనక అవి రాసిచ్చే పని నాది. ఈసారి నా కలం సాగలేదు. అందుకే పాస్టరు గారు కాగితం తన ముందుకు లాక్కున్నారు.

"బాస్కెట్‌బాల్ ఆడేవాడు" అన్నాను.

"అది ఆటండి. నేను ఉద్యోగం అడుగుతున్నాను."

"అదే ఉద్యోగం."

"ఏ కంపెనీలోనండి?"

చెప్పడానికి నా దగ్గర ఒక్క కంపెనీ పేరూ లేదు. పాస్టరు గారు కలం మూత తీసి, "పోనీ, స్వయం ఉపాధి అని రాసేద్దామండి. గౌరవంగా ఉంటుంది" అన్నారు. అలాగే రాశారు. శనివారం అలాగే చదివారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. 

అతను ఆరడుగుల మూడంగుళాల మనిషి. రాజోలు పక్కన మా పేటలో అంత పొడుగు మనిషి అంతకు ముందు లేడు, తర్వాతా రాలేదు. డెబ్బైల్లో మా ప్రార్థన మందిరం తాటాకు పాక. అందరూ గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొస్తే, అతను చెప్పులు విడిచి, నడుం వంచి, దూలం దాటాక మళ్లీ నిటారయ్యేవాడు. మోకరించినా సరే, అతని తల బెంచీ మీద కూర్చున్న ముసలమ్మల తలల కంటే ఎత్తున ఉండేది.

"ఒరే నాయనా, నువ్వు కూచున్నా నుంచున్నట్టే ఉంటావు. పాస్టరు గారు కనపట్టం లేదురా" అని వెనక నుంచి ఒక మామ్మ గొణిగేది.

"ఆయ్, తప్పుకుంటానండి" అని గోడవారకి జరిగేవాడు. అంత మనిషీ ఎక్కడున్నా పక్కకి జరగడానికి సిద్ధంగా ఉండేవాడు. ఆ గుణం చూసి జనం మంచివాడనేవారు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

అతను ఆట నేర్చుకున్నది మిషను హాస్టలు వెనక ఖాళీ స్థలంలో. ఏ దొర బిగించి పోయాడో, ఒక కొబ్బరి మొద్దుకి చెక్క బోర్డు, దానికో ఇనప రింగు ఉండేవి. నేల ఇసక. బంతి నేలకేసి కొడితే సరిగ్గా లేచేది కాదు. అందుకే అతను బంతి నేలకి తగలనివ్వకుండా ఆడటం నేర్చుకున్నాడు. గాల్లోనే అందుకుని గాల్లోనే వేసేవాడు. తర్వాత పెద్ద గ్రౌండుల్లో జనం చప్పట్లు కొట్టింది ఆ విద్యకే.

ఊరికొచ్చినప్పుడల్లా మా ఇంటికొచ్చేవాడు. కాలవ గట్టు మీద నుంచి వట్టి కాళ్లతో, కాన్వాసు బూట్లు చేత్తో పట్టుకుని వచ్చేవాడు. బురదంతా కాళ్లకి, బూట్లు మాత్రం శుభ్రంగా. అరుగు మీద కూర్చోగానే మొదటి మాట, "సుద్దముక్క ఉందాండి, మేష్టారూ?" నేను హైస్కూల్లో లెక్కల మాస్టారిని. జేబులో ఎప్పుడూ ఉండేది. దాన్ని నీళ్లలో ముంచి బూట్లకి పట్టించి ఎండలో పెట్టేవాడు. "బూట్లు తెల్లగా ఉంటే రిఫరీ గారు కూడా మర్యాదగా సూత్తారండి" అనేవాడు.

ఇంకొక వింత ఉండేది. పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలికేవాడు కాదు. ఫలానా సహోదరుడు ప్రార్థన చేస్తారని పాస్టరు గారు అంటే, ఎవరో ఇంకొకర్ని పిలిచినట్టు తల వంచుకుని కూర్చునేవాడు. రెండోసారి పిలిచినా అంతే. పక్కవాడు మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి లేచి, "ఆయ్, నేనేనండి" అనేవాడు. నిద్రపోతున్నాడని పిల్లలు నవ్వేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

నిజం తెలిసింది గోదావరి అవతల ఒక పట్నంలో. బడి పని మీద వెళ్లాను. కంపెనీల మధ్య బాస్కెట్‌బాల్ పోటీలు జరుగుతున్నాయని, మావాడు మిల్లు జట్టులో ఆడుతున్నాడని తెలిసి గ్రౌండుకి వెళ్లాను. మిల్లులో టెంపరరీ ఉద్యోగమనే సంఘంలో అందరం అనుకునేవాళ్లం. మధ్యాహ్నం ఎండ. చెక్క గ్యాలరీలో నా పక్కన కళ్లజోడు పెట్టుకున్న ఒక పొట్టి మనిషి బఠాణీలు తింటూ కూర్చున్నాడు.

మావాడు బోర్డు కింద బంతి అందుకున్నాడు. ఇద్దరు మీద పడ్డారు. అంత గుంపులో నుంచి ఎలా లేచాడో, లేచి బంతిని రింగులో పెట్టి వచ్చాడు. తోసినట్టు కాదు, అలమరలో గ్లాసు సర్దినట్టు. జనం అరిచారు. మైకులో అతన్ని పొగుడుతూ ఒక పేరు చెప్పారు. అది అతని పేరు కాదు.

"పేరు తప్పు చదువుతున్నారండి" అన్నాను పక్కాయనతో.

"తప్పు కాదండి. ఆ పేరు నాదే" అన్నాడాయన.

నేను తిరిగి చూశాను. ఆయన కళ్లు గ్రౌండు మీదే ఉన్నాయి.

"నేనే ఆడుతున్నానండి. చూడండి చూడండి... అబ్బా! ఎలా ఎగిరేనో చూసేరా? మీకెలా ఉందో గానీ, ఈ ఏడు నా ఆట బాగా పుంజుకుందండి."

"పరాచికాలా?"

"తీసుకోండి" అని బఠాణీల పొట్లం నా వైపు చాపాడు. ఏం చేయాలో తోచక నాలుగు తీసుకున్నాను. "నేను మిల్లులో హాజరు గుమాస్తానండి. ఈ పోటీల్లో మిల్లు రిజిస్టర్లో పేరున్నవాళ్లే ఆడాలి. మా వాళ్లలో బంతి పట్టుకోవడం వచ్చినవాడు ఒక్కడుంటే ఒట్టు. అందుకని బయటి నుంచి ఆటగాళ్లని తెచ్చుకుని, మా పేర్లు తగిలించి ఆడిస్తారు. స్పోర్ట్సు ఆఫీసరు గారొచ్చి, నీ పేరు వాడుకుంటానయ్యా అన్నారు. పేరే కదా, ఇచ్చేను. గుర్తింపు కార్డూ ఇచ్చేను. పేపర్లో నా పేరు చూసి మా ఆవిడ నిన్న మోకాళ్లకి నూనె రాసిందండి. వద్దంటే వినదే!"

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

తిరుగు ప్రయాణంలో కోటిపల్లి రేవు దగ్గర మావాడూ నేనూ కలిసి గోదావరి దాటించే పంటు ఎక్కాం. నేను ఏమీ అడగకముందే, నా మొహం చూసి జేబులోంచి మడతలు పడిన కాగితం తీశాడు. గుమాస్తా గారి పేరు, తండ్రి పేరు, సెక్షను, మిల్లులో చేరిన సంవత్సరం. స్కోరు బల్ల దగ్గర ఎవరన్నా అడిగితే తడుముకోకూడదని కంఠస్థం చేశాడట.

"మీరు సండేస్కూల్లో కంఠత వాక్యాలు నేర్పిన పద్ధతేనండి. పొద్దున్న అయిదు సార్లు, పడుకునేప్పుడు అయిదు సార్లు."

నేను కాగితం మడిచి అతని చేతిలో పెట్టేశాను. "ఇది అబద్ధం కాదటయ్యా?"

"ఆయ్, అబద్ధవేనండి."

వెంటనే ఒప్పుకునేవాడితో ఏం వాదిస్తాం?  అతనే అన్నాడు. "ఈసారికి ఇలా కానిచ్చేద్దావండి. వచ్చే ఏడు పర్మనెంటు చేత్తానన్నారు. అప్పుడు నా పేరుతోనే ఆడతాను కదండీ."

ఆ వచ్చే ఏడు కోసం పదేళ్లు ఆడాడు. మిల్లుకి, ఎరువుల కంపెనీకి, రేవులో ఒక ఆఫీసుకి, మళ్లీ మిల్లుకి. బస్సు చార్జీ, భోజనం, రోజు బత్తా ఇచ్చేవారు. పోటీలు కాగానే కార్డు వెనక్కి తీసుకుని ఊరికి పంపేసేవారు. ఒక్కో చోట ఒక్కో పేరు. "ఒక పేరుకి పలకడం అలవాటయ్యేసరికి పోటీలైపోతాయండి. ఇంటికొచ్చేక నా పేరు నాకే కొత్తగా ఉంటది" అనేవాడు. మందిరంలో పిలిస్తే ఎందుకు పలకడో అప్పుడు తెలిసింది నాకు.

వేరే ఉద్యోగాలకి దరఖాస్తులు నేనే రాసిపెట్టేవాణ్ణి. ఆటల్లో సాధించినవి అన్న గడి దగ్గర ఆగిపోయేవాళ్లం.

"సర్టిఫికెట్లేవయ్యా?"

"అయి ఆళ్ల దగ్గరే ఉంటాయి కదండీ. ఆళ్ల పేరు మీదే ఇచ్చేరు మరి. గుమాస్తా గారైతే పటం కట్టించుకున్నారంట."

అది చెప్పి నవ్వేవాడు. ఇంతటి ఆటగాడు, ఇన్ని కప్పులు, ఒక్క కాగితం ముక్క లేదు. నేను కలం విసిరేసేవాణ్ణి. అతను వంగి తీసి, తుడిచి, నా చేతిలో పెట్టేవాడు.

ఎనభైల మొదట్లో అతనికి ముప్పయ్యో ఏడు దగ్గరపడింది. ముప్పై దాటితే మిల్లులో కొత్తగా తీసుకోరు. ఆ వేసవి పోటీల్లో మిల్లు గెలిచింది. స్పోర్ట్సు ఆఫీసరు ఈసారి గట్టిగా చెప్పాడట. గోడౌనులో హెల్పరు పోస్టు, పర్మనెంటు, వానాకాలం లోపల ఆర్డరు. అతని తల్లి, భార్య ఉపవాసం పట్టారు. సంఘమంతా ప్రార్థించింది. ప్రతి శుక్రవారం కూడికలో ఎవరో ఒకరు లేచి, "ప్రభువా, మిల్లువారి మనసు మెత్తపరచు" అనేవారు.

నాకు మాత్రం ఆ ప్రార్థనలో గొంతు కలిసేది కాదు. అబద్ధం మీద నిలబడిన మేలు కోసం దేవుణ్ణి ఎలా అడుగుతాం? ముందు చేతులు కడుక్కుంటే ఆయనే నింపుతాడని పిల్లలకి ఏళ్ల తరబడి బోధించినవాణ్ణి. అదే అతనికీ చెప్పాను. మిల్లు మేనేజరుకి ఉన్నదున్నట్టు రాద్దాం, ఇన్నాళ్లూ మీ ఉద్యోగుల పేర్లతో ఆడినందుకు పశ్చాత్తాపపడుతున్నాను, ఇకమీదట నా పేరుతో ఆడే అవకాశం ఇప్పించండి అని అడుగుదాం అన్నాను. నిజాయితీ చూసి ముచ్చటపడతారని నిజంగానే నమ్మాను. విశ్వాసులం కాకపోతే ఎవరికైనా ఆ ఆలోచన వస్తుందా?

ఇంగ్లీషులో రాసి, తెలుగులో చదివి వినిపించాను. మా అరుగు మీద మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకుని విన్నాడు.

"గుమాస్తా గారి పేరు తీసేత్తే బాగుంటదేవోనండి" అన్నాడు.

"సగం ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టేనా?"

"ఆయనకేవన్నా అయితేనో?"

"నిజం చెప్పినందుకు దేవుడు ఎవరికీ చెడు రానివ్వడయ్యా."

ఆ మాట నేనే అన్నాను. నా నోటితోనే.

అతను కలం అందుకున్నాడు. "మీరు చెప్పేరు గనక పెడతానండి" అని, ఒక్కో అక్షరం దిద్దుతూ సంతకం చేశాడు. "ఆట కాగితం మీద నా పేరెట్టడం ఇదే మొదలండి" అని సిగ్గుగా నవ్వాడు. నేను ప్రార్థన చేసి, ఉత్తరం రిజిస్టరు పోస్టు చేసొచ్చాను.

జవాబు రాలేదు. ఆర్డరూ రాలేదు. మిల్లు జట్టునే రద్దు చేశారని, స్పోర్ట్సు ఆఫీసరుని ఎక్కడికో మార్చారని కొన్నాళ్లకి తెలిసింది. ఎరువుల కంపెనీ జట్టు మేనేజరు అమలాపురం బస్టాండులో కనబడితే ఇతను ఎదురెళ్లి నమస్కారం పెట్టాడట. "నీతో పేచీ మాకెందుకయ్యా బాబూ, నువ్వు ఉత్తరాలు రాస్తావు" అని ఆయన బస్సెక్కేశాడు. వానాకాలం వెళ్లిపోయింది. ముప్పై నిండాయి.

పుట్టినరోజు మర్నాడు మామూలుగా మా ఇంటికొచ్చాడు. సుద్దముక్క అడిగాడు. ఏ పోటీలూ లేవు, ఎవరూ పిలవలేదు. అయినా బూట్లకి సుద్ద పట్టించి ఎండలో పెట్టాడు.

"నన్ను తిట్టవయ్యా" అన్నాను ఉండబట్టలేక.

"మిమ్మల్నెందుకండి? సంతకం నాదే కదండీ."

కోపం తెలియని మనిషి ఎదురుగా కూర్చోవడమంత శిక్ష ఇంకోటి లేదు. తిడితే నేను నా సమర్థన చెప్పుకునేవాణ్ణి. వాక్యం చూపించేవాణ్ణి. ఆ అవకాశం అతనివ్వలేదు. ఒక కొబ్బరి వర్తకుడి దొడ్లో కాయలు ఒలిచే పనికి కుదిరాడు. నేలలో పాతిన ఒలుపు గునపం మామూలు మనుషుల ఎత్తుకి పెట్టింది. అతను దానిమీదికి వంగి వంగి, సాయంత్రానికి నడుం పట్టుకుని లేచేవాడు.

ఆ తర్వాత ఫిబ్రవరిలో, ఒక శనివారం మధ్యాహ్నం, గుమాస్తా గారొచ్చారు. పంటు దాటి, రెండు బస్సులు మారి, పేటలో పొడుగాయన ఇల్లెక్కడని అడుగుతూ వచ్చారట. ఇతను ఆయన్ని వెంటబెట్టుకుని మా ఇంటికి తీసుకొచ్చాడు. కాగితం పని అంటే నా దగ్గరికే కదా.

ఆయన సగమైపోయారు. ఆర్నెల్ల క్రితం సస్పెండు చేశారు. బయటివాడికి గుర్తింపు కార్డిచ్చారని, ఆడని ఆటకి ఇంక్రిమెంటు తీసుకున్నారని విచారణ. ఉత్తరం రాసిన మనిషే అది అబద్ధమని రాసిస్తే కేసు మూసేస్తామని విచారణాధికారి చెప్పారట. ఇంట్లో ముగ్గురు పిల్లలు.

"అబద్ధం నేను రాయలేనండి" అన్నాను.

"తెలుసండి, మేష్టారూ. మీరు నిజవే రాస్తారు. ఆర్నెల్ల నుంచి మా ఇంట్లో అదే తింటున్నాం" అన్నారాయన. మళ్లీ వెంటనే, "ఆ రోజు నా బఠాణీలు తిన్నారు కదండీ, ఆ మాత్రం..." అని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

  నాకు తెలిసిన వాక్యాలన్నీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నాను. ఒక్కటీ నోటి దాకా రాలేదు.

"ఓ కాగితం ఇప్పించండి, మేష్టారూ" అన్నాడు మావాడు.

ఇచ్చాను. కలమూ ఇచ్చాను. రాయనన్నవాణ్ణి ఇవ్వకుండా ఉండలేకపోయాను. అతను నేల మీద బాసింపట్టు వేసుకుని, అరుగు అంచు మీద కాగితం పెట్టుకుని, తెలుగులో, తన చేత్తోనే రాశాడు. రాశాక ఒక్కో మాటా చదివి వినిపించాడు.

"నేను ఎప్పుడూ మీ మిల్లుకి ఆడలేదు. ఉద్యోగం ఇవ్వలేదన్న కోపంతో ఆ ఉత్తరం పంపేను. అందులో ఉన్నది నిజం కాదు. గుమాస్తా గారే ఆడేరు."

కింద సంతకం చేశాడు. ఈసారి అక్షరాలు దిద్దలేదు.

గుమాస్తా గారు కాగితం అందుకుని, "ఎంత బాగా ఆడేవారండీ మీరు" అన్నారు.

"మీరే ఆడేరండి. ఇంక ఎవరడిగినా అదే సెప్పండి" అన్నాడు ఇతను.

ఆయన వెళ్లిపోయాక నాకు కోపం ఆగలేదు. "పదేళ్ల ఆటని నీ చేత్తో నువ్వే కొట్టేసుకున్నావు. ఇది అబద్ధమని తెలుసా నీకు?"

"ఆయ్, తెలుసండి."

"దేవుడికేం చెబుతావు?"

"కొత్తగా సెప్పేదేవుందండి, ఆయన సూత్తానే ఉన్నారు కదా" అని లేచి, దూలం తగలకుండా తల వంచి వెళ్లిపోయాడు.

మర్నాడు నెలలో మొదటి ఆదివారం, ప్రభు బల్ల. మా సంఘంలో రొట్టె పళ్లెం వరుసలో ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వెళ్తుంది. ఒప్పుకోని పాపం మనస్సాక్షిలో ఉన్నవాడు రొట్టె తీసుకోకుండా పళ్లెం పక్కవారికి అందించాలి. ఎందుకని ఎవరూ అడగరు. మళ్లీ తీసుకోవాలంటే సంఘం ముందు నిలబడి ఆ పాపం ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఈ మాట మిల్లు దాకా వెళ్తుంది. గుమాస్తా గారి ఉద్యోగం మళ్లీ పోతుంది. అది నాకు తెలుసు, అతనికీ తెలుసు.

ఆ ఆదివారం అతను తీసుకోలేదు. తర్వాతి నెలా తీసుకోలేదు. ఏడాది గడిచింది, రెండేళ్లు గడిచాయి. గుమాస్తా గారు మిల్లులో ఉన్నారు, పదోన్నతి కూడా వచ్చిందని విన్నాను. పెద్దలు నన్ను పిలిచి, "ఆ సహోదరుడికి ఏం భారమో మీరు కనుక్కోండి, సెక్రటరీ గారూ" అన్నారు. కనుక్కుంటానన్నాను.

వరుసలో అతని పక్కన కూర్చునేది నేనే. ఆ పెద్ద చేతులు పళ్లెం అందుకుని, ఒక్క ముక్క కదలకుండా, నా ముందుకు తెచ్చి ఆగేవి. నేను తీసుకునేదాకా అలాగే పట్టుకునేవాడు. ఉత్తరం రాసింది నేను. కాగితం ఇచ్చింది నేను. ప్రతి నెలా తీసుకున్నాను.